అన్న గొంతు కోసం చుట్టిన కాయిల్

మా అన్నకు స్వరపేటిక తీసేయాలని కర్నూలు డాక్టరు తేల్చిన వారంలోనే నేను కొత్త రేడియో తయారుచేయడం మొదలుపెట్టాను. గొంతులో గడ్డ. ఆపరేషన్ అయితే బతుకుతాడు, మాట మాత్రం ఉండదు. ఆయన ఆళ్లగడ్డలో బడిపంతులు, నేనుండేది నంద్యాలలో. ఇంట్లో కూర్చునే సొంత రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సులు ఇద్దరికీ ఉన్నాయి. ఆ పిచ్చి చెల్లెలినైన నాకు అంటించింది ఆయనే. ఫోనుంది కదా అంటుంది వదిన. నిజమే. ఫోనులో మా అన్న మాత్రల సంగతీ కరెంటు బిల్లు సంగతీ చెప్పి పెట్టేస్తాడు. రేడియోలో అయితేనే తీరిగ్గా మాట్లాడతాడు.

ఆ గొంతు రవ్వంత కూడా పోకుండా వినాలని నా మంకుపట్టు. అంతా కాయిల్‌లోనే ఉంది. కాయిల్ ఎంత మేలురకమైతే కావలసిన స్టేషన్‌ను అంత గట్టిగా పట్టుకుని, పక్కవాటిని అంత దూరంగా నెడుతుంది. సన్నని రాగి పోగులు పేనిన తీగ తెప్పించి, లావుపాటి గొట్టం మీద ఓపిగ్గా చుట్టాను. రేకు డబ్బాలో పెడితే ఆ రేకే దాని బలమంతా మింగేసింది. బయట పెడితే నా చెయ్యి దగ్గరికి వస్తే చాలు, స్టేషన్ జరిగిపోయేది. ఎండెక్కితే ఇంకోపక్కకు జరిగేది. ఇంత సుకుమారమైతే ఎట్లా సంసారం చేస్తావే అని దాన్ని తిట్టి, చెక్కపెట్టెలో కూర్చోబెట్టాను.

ఆదివారం చర్చి అయ్యాక అన్న పలికాడు. గరగర ఒక్కటంటే ఒక్కటి లేదు. నల్లమల మబ్బు గదిలోకి దిగినట్టు అంతా మెత్తగా ఉంది. కళ్లు మూసుకుని ఆ మెత్తదనంలో కాసేపు తేలాను. హాయిగానే ఉంది. అంతలో కళ్లు తెరిచాను. మాట్లాడేది మా అన్న కాదు. తరగతిని హడలగొట్టే ఆ పదును ఏదీ? ఎవరో పరాయి మనిషి దుప్పటి ముసుగులోంచి గొణుగుతున్నాడు.

కారణం నాకు తెలుసు. మాటకు కాస్త వెడల్పు కావాలి. నా కాయిల్ మరీ మంచిదైపోయి, అన్న గొంతు అంచులు కోసేస్తోంది. టకటకలాడే మోర్స్ కోడ్ చప్పుళ్లకైతే అంత ఇరుకు చాలు. మనిషి గొంతుకు చాలదు.

ఏడుపొచ్చింది. అంత కష్టపడి చుట్టినదాన్ని చేతులారా చెడగొట్టాలి. కాయిల్‌కు అడ్డంగా ఒక రెసిస్టరు అతికించాను. వెంటనే దాని పట్టు సడలింది. ఎవరి చేలోదో బోరు మోటారు రొద, ఎక్కడివో పిడుగుల చిటపటలు, అన్నీ లోపలికి తోసుకొచ్చాయి. వాటితో పాటు మా అన్న కూడా వచ్చాడు. ఆయన దగ్గూ, వెనక వదిన గిన్నెల చప్పుడూ వచ్చాయి.

"రేపు పొద్దున్నే కర్నూలుకు పోతాండాం," అన్నాడు. "నువ్వు రావాకు పాపా. నన్ను జూసి ఏడుస్తావ్. నాకేం గాదు. అన్నం తిని పండుకో."

హామ్‌లలో ఒక పద్ధతి ఉంది. మాట అందకపోతే మళ్లీ చెప్పమని అడగాలి, అవతలివాళ్లు విసుక్కోకుండా చెప్పాలి. నాకు ప్రతి అక్షరమూ అందింది.

అయినా వినపడలేదని, మళ్లా చెప్పమన్నాను. చెప్పాడు. మళ్లా అడిగాను.

"నీకు వినపడతాందని నాకు తెలుసులే," అన్నాడు.

ఆ తర్వాత కర్నూలు ప్రయాణం దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఒక్కో మాటా విడదీసి, పిల్లలకు డిక్టేషన్ ఇచ్చినట్టు నిదానంగా, మొత్తం మళ్లీ చెప్పాడు.