రెండు ముక్కల మాంత్రికుడు

శింగనమలలో విత్తనానికి వేరుశనక్కాయలు వొలిచే రోజుల్లో, చదువుపిచ్చి చౌడేశ్వరి ఒక జానపద నవల కొనుక్కొచ్చింది. తోటి కూలీలిద్దరూ నాకు ముందంటే నాకు ముందన్నారు. విసుగొచ్చి పుస్తకాన్ని కాయను చీల్చినట్టు చీల్చి, ముందు సగం తిప్పమ్మకు, వెనక సగం రామసుబ్బమ్మకు ఇచ్చింది.

వారం తిరక్కుండానే జగడం.

"ఆ మాంత్రికుడు పాడు నాయాలు. ఊరి చెరువే ఎండబెట్టినాడు," అంది తిప్పమ్మ.

"ఏం మాట్లాడతాండావే? తన నీళ్లు పసిబిడ్డకిచ్చి, తాను దప్పికతో సచ్చిపోయినాడు. కతలో నాకు నచ్చినోడు వాడొక్కడే," అంది రామసుబ్బమ్మ.

తీర్పు చెప్పడానికి చౌడేశ్వరి రెండు ముక్కలూ వరుసగా చదివింది.

"చెప్పు మే, వాడు మంచోడా, చెడ్డోడా?" అన్నారు ఇద్దరూ.

చౌడేశ్వరి చేతిలోని కాయలు చేటలోకి విసిరికొట్టింది.

"సగం సగం చదివి మీరు సుఖంగా ఉండారు. మొత్తం చదివి చెడింది నేనే!"