తామ్రగిరిలో ఏడు వారాలు

నూజివీడులో దిగి బసవపున్నారావు గారి మామిడి తోట ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. చెప్పేముందు మాత్రం ఒకసారి నవ్వుతారు. "బొమ్మల పున్నారావు గారేనా?" అంటారు. పాతికెకరాల తోట ఉన్న మనిషికి, అదీ అరవై నాలుగేళ్ల మనిషికి, ఇదేం పేరండీ అని ఆయన భార్య పుష్పవతి ముప్పై ఏళ్లుగా తల పట్టుకుంటూనే ఉంది. ఆయన మాత్రం ఆ పిలుపు వినబడితే మీసం సవరించుకుంటారు.

పేరు ఊరికే రాలేదు లెండి. ఆయన పదిహేనో ఏట ఒక వారపత్రికలో 'తామ్రగిరి' అని బొమ్మల సీరియల్ మొదలైంది. రాజ్యం పోగొట్టుకున్న యువరాణి గుర్రమెక్కి, కత్తి పట్టి, దాన్ని మళ్లీ గెలుచుకునే కథ. కథదేముంది, అలాంటివి బోలెడు. గొప్పంతా బొమ్మలది. వేసినాయన మేరు అని సంతకం చేసేవాడు. ఏ ఊరివాడో, అసలు పేరేంటో ఎవరికీ తెలియదు, మద్రాసులో ఉంటాడని మాత్రం చెప్పుకునేవారు. ఆయన పోయాడన్న సంగతి కూడా చాలా ఏళ్ల తరవాత పత్రికలోనే తెలిసింది. వారానికి రెండు పేజీల చొప్పున నూటనాలుగు వారాలు వచ్చింది. పత్రికలు కొని తగలేయడానికి వాళ్ల నాన్నగారు ఒప్పుకోలేదు కాబట్టి పున్నారావు గారు మంగలి షాపులో కూర్చుని చదివేవారు. ఆ రెండేళ్లూ ఆయన నెత్తిమీద జుట్టు నిలబడింది లేదు.

తరవాత పెళ్లయింది, తోట చేతికొచ్చింది, తామ్రగిరి మరుపున పడింది. మా వైపు మామిడికాయ బుట్టలకెత్తేటప్పుడు అడుగున గడ్డి, గడ్డి మీద పాత కాగితాలు పరుస్తాం కదా, ఆ కాగితాలు హనుమాన్ జంక్షన్‌లో పాత పేపర్ల కొట్టు నుంచి కట్టలు కట్టలుగా వస్తాయి. ఆయన ముప్పయ్యో ఏట ఒకరోజు బుట్టలో కాగితం పరుస్తుంటే చేతికింద యువరాణి మొహం కనబడింది. అంతే, బుట్టలో కాయలన్నీ కింద పోసేసి కాగితం గుండెలకి హత్తుకున్నారు.

ఆ రోజు నుంచి కట్టలో ప్రతి కాగితం ఆయన తిప్పి చూస్తేగానీ బుట్ట ఎత్తడానికి లేదు. కోతకొచ్చిన మనుషులు చెట్టు కింద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లు, కాయ కొన్న షావుకారు వ్యాను దగ్గర నిలబడి ఒకటే సణుగుడు. "అందరూ కాయ కోసం కాగితం కొంటారు, మా ఆయన కాగితం కోసం కాయ పండిస్తాడు" అని పుష్పవతి అందరికీ చెప్పేది. అలా ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది నూటనాలుగూ పూర్తవడానికి. ఆఖరిది చింతలపూడిలో ఒక రిటైర్డు పంతులుగారింట్లో దొరికితే, ఆయనకి నాలుగేళ్లపాటు వేసవి అంతా రసం మామిడిపళ్లు పంపారు.

ఇప్పుడు ఆ పేజీలన్నీ ప్లాస్టిక్ కవర్లలో, వేపాకు మధ్య, పడగ్గది బీరువాలో ఉంటాయి. అక్కడుండాల్సిన పట్టుచీరలు ట్రంకు పెట్టెలోకి మారాయి. ఇంటికెవరొచ్చినా ముందు కాఫీ, తరవాత తామ్రగిరి. అల్లుడు వెంకట్ కొత్తల్లుడిగా వచ్చిన రోజున నలభై మూడో వారం దాకా కదలనివ్వలేదట. పాపం ఆ పిల్లాడు పెళ్లాంతో మాట్లాడింది మర్నాడే.

అన్నిట్లోకీ ఆయన ప్రాణం అరవై ఒకటో వారం నుంచి అరవై ఏడో వారం దాకా. అందులో యువరాణి శత్రువులకి దొరక్కుండా మామిడి తోటలో దాక్కుంటుంది. ఆ కాయలు ఎలాంటి కాయలు! తొడిమ దగ్గర ఒక భుజం కాస్త ఎత్తు, కింద చిన్న ముక్కు, గుత్తి బరువుకి ఒంగిన కొమ్మ. అచ్చంగా చిన్న రసం. "మేరు మన తోటలు చూసినవాడండీ, నాది గ్యారంటీ" అని ఆయన కాఫీ హోటల్లో వందసార్లు వాదించారు. ఒకసారి ఉత్సాహం పట్టలేక మేరు అత్తగారిది నూజివీడే అయ్యుండాలని కూడా తేల్చేశారు.

ఈ ఏడింటిలో అరవై నాలుగో వారం పేజీతోనే ఆయన ఏటా ఒక మనిషిని వేపుకు తినేవారు. ఆ మనిషి లక్ష్మీనరసింహారావు, హనుమాన్ జంక్షన్‌లో లారీలకి పేర్లు రాసే పెయింటరు. ఏప్రిల్లో తోట ముందు రసాలమ్మే పందిరి వేసినప్పుడు రేకు బోర్డు రాసేది అతనే. లోకమంతా ఫ్లెక్సీలకి మారినా పున్నారావు గారు మారలేదు, ఫ్లెక్సీలో కాయకి కళ ఉండదంటారు. లక్ష్మీనరసింహారావు అక్షరాలు ముత్యాల్లా రాస్తాడు. కాయ దగ్గరికొచ్చేసరికి ఏదో ఒకటి చెడగొడతాడు. ఒక ఏడు ముక్కే ఉండదు. ఒక ఏడు ఆ ముక్కు మీద బట్టలు తగిలించుకోవచ్చు. ఇంకో ఏడు రసం కాస్తా పొడుగాటి కలెక్టరు మామిడికాయై కూర్చుంటుంది.

ఈయన ఊరుకుంటారా? మర్నాడే అరవై నాలుగో వారం సంచిలో పెట్టుకుని స్కూటర్ మీద జంక్షన్‌కి బయల్దేరేవారు. "ఇదయ్యా రసం అంటే! కళ్లు పెట్టి చూడు. ఏ జన్మకన్నా నీ చెయ్యి ఇలా తిరుగుతుందా?" అని నలుగురు డ్రైవర్ల ముందు దులిపేసేవారు. లక్ష్మీనరసింహారావు చేతులు తుడుచుకుని, పేజీ తీసుకుని తలొంచుకుని చూసేవాడు. "ఇంకాసేపు చూస్తానండి" అనేవాడు. చూశాక కాయ శుభ్రంగా దిద్ది ఇచ్చేవాడు. వచ్చే ఏడు మళ్లీ మామూలే.

ఇలా ఉండగా ఈ మార్చిలో హైదరాబాదు నుంచి అనంత్ అనే ఆయన వచ్చాడు. పాత బొమ్మల కథలు వెతికి పుస్తకాలుగా అచ్చేయించే మనిషి. తామ్రగిరి పూర్తి సెట్టు దేశం మొత్తంలో ఈ ఒక్క బీరువాలోనే ఉందని తెలిసి వచ్చాడు. మూడు రోజులు కూర్చుని ప్రతి పేజీకీ ఫొటో తీసుకున్నాడు. పుస్తకం మొదట్లో మీ పేరు వేస్తానన్నాడు. పున్నారావు గారు నేలమీద నడవడం మానేశారు. మూడో రోజు సాయంత్రం అనంత్ కెమెరా సర్దుకుంటూ అన్నాడు.

"అంకుల్, ఏమీ అనుకోకండి. అరవై ఒకటి నుంచి అరవై ఏడు దాకా మేరు గారు వేసినవి కావు."

కాఫీ తెస్తున్న పుష్పవతి గుమ్మంలోనే ఆగిపోయింది.

"కింద సంతకం కనబట్టంలేదా?" అన్నారు పున్నారావు గారు.

"ఆ సంతకం అచ్చు పత్రికవాళ్ల దగ్గరే ఉంటుంది, ఎవరు గీసినా కింద వేసేస్తారు. గీత చూడండి. మేరు గారిది కుంచె గీత, లావుగా మొదలై సన్నబడుతుంది. ఇది పాళీ గీత. ఎవరో అసిస్టెంట్ గీకి ఉంటాడు. పుస్తకం మేరు గారిది కాబట్టి ఈ ఏడూ తీసేస్తాను."

"గీకాడా! ఆ రసం మేరు కాక ఇంకెవడు వేస్తాడయ్యా?"

అనంత్ మిగతా పేజీలు తిప్పాడు. ఇంకో నాలుగు వారాల్లో మామిడిచెట్లున్నాయి. నాలుగుచోట్లా గొడుగుకి కోడిగుడ్లు వేలాడదీసినట్టున్నాయి. పున్నారావు గారు ఆ నాలుగూ వెయ్యిసార్లు చూసుంటారు, ఒక్కసారి కూడా కంటికి ఆనలేదు. మామిడి రైతు కళ్లు ఇన్నేళ్లూ ఏం చేస్తున్నాయో ఆయనకే అర్థం కాలేదు.

"సోమవారం ప్రెస్సుకిస్తున్నాను అంకుల్. ఈలోగా గట్టి రుజువు దొరికితే ఉంచుతాను" అని చెప్పి అనంత్ వెళ్లిపోయాడు.

రెండు రోజులు ఆయనకి ముద్ద దిగలేదు. నూటనాలుగులో ఏడు పోతే ఏం పోయింది అంది పుష్పవతి. ఏం పోవడమేంటి, ఆయనకి ఆ ఏడే కావాలి. తొంభై ఏడు పోయి ఆ ఏడు మిగిలినా బతికేసేవారు. వాటిని ఎవడో గీకాడంటే ముప్పై ఏళ్ల ప్రేమ పొరపాటున తప్పు అడ్రసుకి వెళ్లినట్టే కదా. శనివారం పొద్దున్న ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. బ్రష్ పట్టినవాడు ఎవడైనా ఈ ఏడూ, మిగతావీ ఒకే చెయ్యి అని కాగితం మీద రాసి సంతకం పెడితే అది రుజువు కాదూ? ఆయనకి తెలిసిన బ్రష్ ఒక్కటే. పోలికకి పక్క వారాలు రెండు ఫోన్లో ఫొటో తీసుకుని, ఏడు వారాల పేజీలూ సంచిలో పెట్టుకుని జంక్షన్ వెళ్లారు.

లక్ష్మీనరసింహారావు ఒక లారీ వెనక తలుపు మీద తామరపువ్వు వేస్తున్నాడు. జరిగిందంతా విని, పేజీలు ఒక్కొక్కటే చూసి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాడు.

"ఒకే చెయ్యి కాదండి" అన్నాడు.

"నువ్వు కూడానా! సరిగ్గా చూడవయ్యా!"

"అబద్ధం రాయలేనండి. వేరే చెయ్యే."

పున్నారావు గారికి ఒళ్లు మండిపోయింది. "రసం ముక్కు తిన్నగా వేయడం రాదు, చేతుల సంగతి చెప్పొచ్చాడు! ఈ చెట్టు చూడు. నేలకి ఆని మళ్లీ పైకి లేచిన ఈ కొమ్మ చూడు. కాపీ కొట్టేవాడు ఊహించి వేయగలడా ఇలాంటిది?"

"ఊహించలేదండి. ఆ చెట్టు మీదే కదా" అన్నాడు లక్ష్మీనరసింహారావు.

"నాదేంటి?"

"మీ బావి పక్కది. తుఫానుకి పడిపోయింది చూడండి, అది. మా అమ్మ అచ్చమ్మ మీ తోటలో కోతకొచ్చేది. నన్ను ఆ కొమ్మ మీద కూర్చోబెట్టి పనిలోకి వెళ్లేది. దిగితే కాళ్లు విరగ్గొడతాననేది." అని నాలిక కరుచుకున్నాడు. కానీ మాట జారిపోయింది.

పున్నారావు గారు పేజీ చూశారు. బావి గట్టు, గట్టుకి కట్టిన రాళ్లు, ఆ కొమ్మ. చిన్నప్పుడు తనూ ఎక్కిన కొమ్మే. ముప్పై ఏళ్లు ఈ పేజీకి హారతొక్కటే పట్టలేదు, సొంత తోట మాత్రం గుర్తుపట్టలేకపోయారు! ఆయన అక్కడే పెయింటు డబ్బా బోర్లించుకుని కూలబడ్డారు.

"నువ్వా వేసింది?"

లక్ష్మీనరసింహారావు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పంతొమ్మిదేళ్లండి అప్పుడు నాకు. మద్రాసులో మేరు గారి దగ్గర బొమ్మల చుట్టూ గళ్లు గీసేవాణ్ణి. ఆయనకి పచ్చకామెర్లొచ్చి ఏడు వారాలు ఆస్పత్రిలో ఉన్నారు. సీరియల్ ఆగితే పత్రికవాళ్లు ఇంకొకరికిచ్చేస్తారు. నా అన్నం పోతుందిరా, నువ్వు వెయ్యి, ఎవరికీ చెప్పనని మాటివ్వు అన్నారు. ఇచ్చాను. తరవాత అమ్మకి బాగోలేదని ఇంటికొచ్చేశాను. మళ్లీ వెళ్లడం పడలేదు."

"ఆయన పోయి ఎన్నేళ్లయిందయ్యా!"

"ఆయన పోయారండి. మాట నా దగ్గరే ఉంది కదా."

పున్నారావు గారికి డ్రైవర్ల ముందు తను అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. "నీ బొమ్మే నీ మొహాన పెట్టి ఏటా తిట్టానే. ఒక్కసారన్నా తిరిగి తిట్టలేదేమయ్యా?"

లక్ష్మీనరసింహారావు మొదటిసారి నవ్వాడు. "మీరొస్తేనే కదండీ నేను చూసుకునేది. నా దగ్గర ఒక్క కాపీ లేదు. ఉంటే ఎవరన్నా ఎందుకు దాచావని అడుగుతారని తెచ్చుకోలేదు. ఈ భూమ్మీద ఆ బొమ్మని మెచ్చుకున్నది మీరొక్కరే. కాయ సరిగ్గా వేస్తే మీరు పేజీ పట్టుకుని వస్తారా? అందుకని చెడగొట్టేవాణ్ణండి."

పున్నారావు గారికి కళ్లు నిండిపోయాయి. తుడుచుకోవడం కూడా మర్చిపోయి ఫోన్ తీసి అనంత్‌కి కొట్టారు. ఆయన జన్మలో వాదన ఓడిపోయానని ఒప్పుకున్నది లేదు. పుష్పవతి వినుంటే ఆ రోజు పాయసం వండేది.

"నువ్వన్నదే కరెక్టయ్యా. ఆ ఏడూ మేరువి కావు. తీసేయ్."

"ఎవరివో తెలిసిందా అంకుల్? పేరు చెబితే ఆ పేరుతోనే వేస్తాను."

పున్నారావు గారు తలెత్తి చూశారు. లక్ష్మీనరసింహారావు చేతులు రెండూ జోడించి వద్దన్నట్టు తలూపాడు. ఇవతల గొంతు దాకా వచ్చేసింది పేరు. అంత గొప్ప సంగతి కడుపులో దాచుకోవడం పున్నారావు గారిలాంటి మనిషికి ఎంత కష్టమో ఆయన్ని ఎరిగినవాళ్లకే తెలుసు.

"తెలీదయ్యా" అన్నారు. తామ్రగిరి గురించి ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

ఫోన్ పెట్టేసి సంచీ లక్ష్మీనరసింహారావు ఒళ్లో పెట్టారు. "ఇవి నీ దగ్గరుండనీ."

"అయ్యో, మీ సెట్టు పాడైపోతుందండీ."

"పోనీ. మళ్లీ వస్తాలే చూడ్డానికి. ఈసారి నేనొస్తాను, నువ్వు చూపించు."

లక్ష్మీనరసింహారావు కాసేపు సంచీ ముట్టుకోలేదు. తరవాత కవరు విప్పి అరవై నాలుగో వారం ఒళ్లో పరుచుకున్నాడు. ఎవరూ తొందర పెట్టకుండా ఆ బొమ్మ చూసుకోవడం అతనికీ ఇదే మొదలు. చూస్తూ చూస్తూ నొసలు ముడేశాడు. చెవి సందులోంచి పెన్సిల్ తీశాడు.

"ఈ గుర్రం వెనక కాలు తప్పండి. మోకాలు ఇటు వంగకూడదు. హడావుడిలో వేసేశాను. ఒక్క గీత..."

పున్నారావు గారు డబ్బా మీంచి ఒక్క ఉదుటున లేచి అతని చెయ్యి పట్టుకున్నారు.

"ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు! ఆ గుర్రాన్ని మంగలి షాపులో ఉన్నప్పట్నుంచీ చూస్తున్నాను నేను. దాని కాలు అలాగే ఉంటుంది. ఎవడన్నా దాన్ని ఒక్క మాటన్నా ఊరుకోను, వేసినవాడైనా సరే!"