లాభం, రెండు, మూడు

2017 ఆగస్టులో నన్ను దేవరకొండ ఓపెన్ స్కూల్ కేంద్రంలో లెక్కలు చెప్పడానికి వేశారు. అప్పటికి నేను హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటును, అంటే పై తరగతులకు గణితం చెప్పే సారును. ఓపెన్ స్కూల్లో రోజూ బడి ఉండదు. ఆదివారాలు, సెలవు రోజుల్లోనే తరగతులు. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవాళ్లే ఎక్కువగా వస్తారు. ఆదివారం పని అనేసరికి కొంత గొణిగాను. కిరాణా దుకాణంలో పెరిగినవాణ్ణి. గొణగకుండా దేనికైనా ఒప్పుకోవడం మా ఇంటా వంటా లేదు.

మొదటి ఆదివారమే లింగమ్మ వచ్చింది. ముప్పై దాటిన మనిషి. వాళ్లది గొర్రెలు కాసే కుటుంబం. ఆమె తన ఊళ్లో అంగన్‌వాడీ ఆయమ్మ. పిల్లలకు వండిపెట్టి, ఆడించి, నిద్రపుచ్చుతుంది. అక్కడి టీచరమ్మ మరుసటేడు రిటైర్ కాబోతోంది. పది పాసైతే ఆ ఉద్యోగం లింగమ్మకు దక్కుతుంది. లేకపోతే బయటి ఊరినుంచి ఇంకెవరో వస్తారు.

ఓపెన్ స్కూల్లో సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు. ఆమె గణితం ఎంచుకుంది. వచ్చిన గిరాకీని పక్క దుకాణానికి పంపిన మొదటి వ్యాపారి కొడుకును నేనే అయ్యుంటాను: లెక్కలు తీసేసి గృహవిజ్ఞానం పెట్టుకొమ్మన్నాను.

"వండుడు నాకు కొత్తనా సారూ? చిన్నప్పుడు లెక్కల్లనే ఫేలైన. పోగొట్టుకున్న కాడనే ఎతుకాలె గద. ఎన్నొస్తె పాసు?"

"ముప్పై అయిదు."

"గంతకే జెప్పుండ్రి."

నేను అరవై అన్నాను. ఎక్కువ చెబితేనే సగానికైనా వస్తారని మా నాయిన సూత్రం. కానీ ఆమె సంతలో గొర్రెలమ్మిన మనిషి.

"అరవై ఏం జేస్కోను సారూ, నన్నేమన్న కలెక్టర్ను జేస్తరా?" అని ముప్పై ఎనిమిది దగ్గర నిలబడింది. తరగతంతా నవ్వుతుండగా చివరికి నలభై అయిదు దగ్గర బేరం తెగింది. త్రికోణమితి నేను వదిలేశాను. శ్రేఢులు, సంభావ్యత ఆమె ఒప్పుకుంది. అంత కిందికి నేనెప్పుడూ దిగలేదు.

అంకశ్రేఢి అంటే ఒకే తేడాతో పెరుగుతూ పోయే సంఖ్యల వరుస. పదిహేనో సంఖ్య కావాలంటే మొదటిదానికి ఆ తేడాను పద్నాలుగుసార్లే కలపాలి. పదిహేనుసార్లు కలపడం చాలామంది చేసే తప్పు. లింగమ్మ దాన్ని వదలకుండా చేసేది. నేను 'ఎన్ మైనస్ ఒకటి' అంటే, "మరి గా ఒకటి యాడికి వోయింది?" అనేది. అడ్డంగా చెప్పాను, నిలువుగా చెప్పాను. ఆ ఒకటి దొరకలేదు.

ఒక ఆదివారం మా నాయిన మానిక గుర్తొచ్చింది. గింజలు కొలిచేటప్పుడు మా వైపు మొదటి మానికను 'ఒకటి' అనరు. 'లాభం' అని మొదలుపెట్టి, తర్వాత రెండు, మూడు అంటారు.

"లింగమ్మా, పిల్లల బియ్యం ఎట్ల కొలుస్తవు?"

"లాభం, రెండు, మూడు..."

"లాభం కాడ దేనిమీద పోసినవు?"

"దేనిమీద పోస్త సారూ, గదే మొదటిదాయె! మీద పోసుడు రెండు కాడికెల్లే గద..."

మాట ఆపి బోర్డు వైపు చూసింది. "ఓయమ్మ! గిదేనా మీ మైనస్ ఒకటి? గింత ముక్కకు నన్ను ఇన్నొద్దులు సంపిండ్రా!"

ఆ తర్వాత ఆమె ఆ లెక్క తప్పలేదు. పిల్లలు పండుకోగానే అంగన్‌వాడీ గచ్చు మీద బొగ్గుతో లెక్కలు చేసి, వాళ్లు లేచేలోపు తుడిచేస్తున్నానని చెప్పింది. "ఒక పోరి నిద్రపోకుంట సూస్తాంది సారూ. గది సుత లాభం, రెండు అంటాంది."

పరీక్ష రోజు గేటు దగ్గర నిలబడ్డాను. లింగమ్మ నవ్వుతూ వచ్చింది. "శ్రేఢి లెక్క వచ్చింది సారూ. మొదటి వరుసల ఇరవై కుర్చీలు, వరుసకు రెండు పెరుగుతయి, పదిహేనో వరుసల ఎన్ని అని. 'మొదటి వరుస లాభం' అని రాసి, తక్కిన పద్నాలుగు వరుసలకు రెండ్రెండు గలిపిన. నలభై ఎనిమిది."

జవాబు సరైనదే. కానీ పేపరు దిద్దేటప్పుడు మార్కులు మెట్లవారీగా వేస్తారు: సూత్రానికి ఇన్ని, విలువలు వేసినందుకు ఇన్ని, జవాబుకు ఇన్ని. సూత్రం ఉండాల్సిన చోట ఆమె లాభం రాసింది. ఆ పేపరు ఏ జిల్లాకు పోతుందో, ఎవరు దిద్దుతారో తెలియదు. లాభనష్టాల లెక్క అనుకొని ఎవరైనా అడ్డంగా కొట్టేయవచ్చు. పైకి మాత్రం బాగా రాసినవన్నాను.

"మరి మొగమేంది సారూ, దొంగ తూకంల దొరికినట్టు పెట్టిండ్రు?"

ఆ నెలలోనే నన్ను వేరే జిల్లా పేపర్లు దిద్దడానికి వేశారు. అందులో ఒకరు శ్రేఢి లెక్కకు సూత్రం బదులు పుల్లల్లా గీతలు గీసి లెక్కపెట్టుకుంటూ పోయారు. మామూలుగానైతే సున్నా వేసి పేజీ తిప్పేవాణ్ణి. ఆరోజు చివరి పుల్ల దాకా చదివాను. జవాబు సరిగ్గా ఉంది. వేరే పద్ధతిలో చేసినా మార్కులివ్వాలని నియమం ఉండనే ఉంది. ఇచ్చాను. ఎందుకింత నెమ్మదిగా దిద్దుతున్నారని మా మీది అధికారి అడిగితే, కొసరు పోకుండా కొలుస్తున్నానన్నాను.

లింగమ్మకు నలభై నాలుగు వచ్చాయి. ఫోన్ చేసింది.

"బేరం తప్పినవు లింగమ్మా, ఒకటి తగ్గింది," అన్నాను.

"గా ఒకటి లాభం కింద వోయింది సారూ, ఇడిసిపెట్టుండ్రి."

పాత టీచరమ్మ రిటైర్ కాగానే ఆమె టీచరైంది. నేను రిటైరయ్యేదాకా ఆ పాఠం ఒకే తీరుగా చెప్పాను: బోర్డుకు ఎడమవైపు 'లాభం', కుడివైపు 'ఎన్ మైనస్ ఒకటి'. తెలిసిన మాటతోనే లెక్క ఎక్కుతుంది; అయితే దిద్దేవాడికి తెలిసిన మాటలో రాస్తేనే మార్కు పడుతుంది. అందుకని పరీక్షకు ముందటి ఆదివారం ఎడమవైపు తుడిచేసేవాణ్ణి.