ఖాళీ సీటుకు పెట్టిన బెల్టు

జులై నెల రెండో సోమవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు ఇది మొదలైంది. అప్పటిదాకా దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పుడు ఉందనీ చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నేను ముప్పై రెండేళ్లు కరెంటు మీటర్లు పరీక్షించే ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో ఒక్క బల్బు వెలగకపోయినా చక్రం తిరుగుతూనే ఉందని జనం భయపడుతూ మీటర్లు తెచ్చేవాళ్లు. విప్పి చూస్తే ప్రతిదానికీ కారణం దొరికేది. వోల్టేజీ ఎక్కువై ఉండేది, లేదా లోపల అమరిక తప్పి ఉండేది. కారణం రాయకుండా ఒక్క మీటరునూ నేను వెనక్కి పంపలేదు.

మా అమ్మాయి మాధవి, నేను గచ్చిబౌలిలో ఒకే ఫ్లాటులో ఉంటాం. అప్పట్లో మాధవి రాయదుర్గంలో ఒక చిన్న కంపెనీలో ఇంజనీరు. తనంతట తానే నడిచే బండి తయారు చేయడం వాళ్ల పని. నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసుల ఆవరణ లోపల ఆరు సీట్ల బ్యాటరీ బండిని పరీక్షగా తిప్పేవారు. దాని కరపత్రం నాకు కంఠతా వచ్చు. ఈ బండి కునుకు తీయదు, ఫోన్ చూడదు, మనిషి కన్నా ముందే మనిషిని చూస్తుంది. పెద్ద వయసువాళ్లు కూడా ఎక్కి తిరిగినట్టు చూపించాలని నన్ను రోజూ ఉదయం రమ్మన్నారు. పనిచేసే యంత్రాన్ని చూడటం నాకు ఇష్టమే కాబట్టి వెళ్లాను.

స్టీరింగు ముందు యాదగిరి కూర్చునేవాడు. అతనిది నాగర్‌కర్నూల్ వైపు. పదకొండేళ్లు క్యాబు నడిపి ఒక్క కేసు కూడా లేనివాడు. ఇక్కడ అతని పని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం, బండి తప్పు చేస్తే స్టీరింగు అందుకోవడం. ఇంటి కిరాయి, ఇద్దరు పిల్లల బడి అన్నీ ఆ జీతం మీదే. రోజూ ఎక్కగానే స్టీరింగును తాకి కళ్లకద్దుకునేవాడు. తను నడపని బండికి కూడా.

ఆ సోమవారం ఆవరణ వెనక మలుపు దగ్గర బండి గట్టిగా ఆగింది. ఒక పక్క ఇంకా కట్టని స్థలం, దాని చుట్టూ ప్రహరీ. రోడ్డు ఖాళీగా ఉంది. కానీ బండి తను చూసేదంతా ముందున్న తెర మీద బొమ్మగా వేస్తుంది. అందులో రోడ్డు మధ్య ఒక మనిషి ఆకారం నిలబడి ఉంది.

తెర మీది ఆకారం కాసేపటికి పోయింది. బండి కదిలింది.

మంగళవారం అక్కడే ఆగింది. బుధవారమూ అంతే. ఆకారం ఎప్పుడూ ఒకే చోట ఉండేది. యాదగిరి తెర వైపు చూస్తూ మెల్లగా, "జర జరుగమ్మా, పెద్దమనిషి కూసున్నది బండిల" అనేవాడు. పెద్దమనిషి అంటే నేను. ఆడమనిషి అని నీకెలా తెలుసు అని అడిగితే, "ఊకె అన్ననమ్మా" అన్నాడు.

ప్రాజెక్టు మేనేజరు కిరణ్ భీమవరం అబ్బాయి, మర్యాదస్తుడు. "కంగారేం లేదండి అమ్మగారూ. ఎదురు బిల్డింగు అద్దాల మీద ఎండ పడి అలా కనబడుతోందండి" అన్నాడు. అయితే మబ్బు పట్టిన రోజు చూద్దామన్నాను. గురువారం ముసురు. ఎండ పొడ లేదు. బండి ఆగింది.

శుక్రవారం ఆఫీసువాళ్లు బండికి పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. పూజారి భక్తిగా పైకప్పు మీది గుండ్రటి సెన్సారుకు కూడా పసుపు రాసి బొట్టు పెట్టాడు. బండికి కన్ను అదే. దానితో నాలుగు వైపులా గోడలే కనిపించి ఉంటాయి, అంగుళం కదలలేదు. యాదగిరి, "బొట్టు పెట్టంగనే పెండ్లిపిల్ల లెక్క సిగ్గువడ్డది" అన్నాడు. అందరం నవ్వాం. ఆ వారంలో మేం నవ్వింది ఆ ఒక్కసారే. పసుపు తుడిచాక బండి బయల్దేరి, మలుపు దగ్గర మళ్లీ ఆగింది.

అప్పుడు మాట యాదగిరి మీదికి వెళ్లింది. బండి పూర్తిగా పనిచేస్తే డ్రైవరు అక్కర్లేదు కదా, అందుకే బ్రేకు మీద కాలు పెడుతున్నాడని, బండి రికార్డు తెరిచి చూడకుండానే, ఆఫీసులో అనుకోవడం మొదలైంది. ఇంకోసారి ఆగితే పంపించేస్తామని కిరణ్ అతనికి చెప్పాడు.

"నేను కాలు పెట్టలేదమ్మా" అన్నాడు యాదగిరి నాతో. "పెట్టిన అంటే నౌకరీ పోతది. పెట్టలే అంటే బండికి దయ్యం వట్టినట్టయితది. ఏ మాట చెప్పాలె?"

నాకు దయ్యం మాట నచ్చలేదు, అబద్ధపు నింద అంతకన్నా నచ్చలేదు. మా ల్యాబు పద్ధతిలో పరీక్ష పెట్టాను. కిరణ్‌ను, మాధవిని వెనక కూర్చోబెట్టి, యాదగిరిని డ్రైవరు సీటు మీదే కాళ్లు పైకి మడిచి కూర్చోమన్నాను.

"గిట్ల కూసుంటే బంతిల కూసున్నట్టే ఉన్నది. జర ఇస్తరాకు తెప్పియ్యండమ్మా" అన్నాడు.

మలుపు వచ్చింది. తెర మీద ఆకారం కనబడింది. అతని రెండు పాదాలూ మా అందరి కళ్ల ముందే సీటు మీద ఉన్నాయి. బండి ఆగింది.

నింద తొలగింది. కానీ కారణం దొరకలేదు. అక్కడ ఎవరైనా చనిపోయారా అని, నాకే సిగ్గనిపించినా, నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో ఒక పెద్దావిడను అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "అప్పట్ల గీడంత చేన్లు బిడ్డా. చావని జాగ యాడుంటది?" అంది.

వచ్చే శుక్రవారం పెట్టుబడి పెట్టేవాళ్లు చూడటానికి వస్తున్నారు. కిరణ్ ఒక ఉపాయం చెప్పాడు. ఆ మలుపు దగ్గర మనుషులు ఉండరని బండి మ్యాపులో రాసేస్తే, ఇక కనబడినా పట్టించుకోదు. ఇలాంటివి అందరూ చేసేవేనట. నేను వద్దన్నాను. తప్పు చూపించే మీటరును మేము విప్పి చూసేవాళ్లం. అద్దం మీద కాగితం అంటించి పంపేవాళ్లం కాదు.

"అమ్మా, శుక్రవారం ఒక్కటి గడవనీ. తర్వాత విప్పి చూద్దాం" అంది మాధవి. ఆ మార్పు రాసింది తనే.

తర్వాత నాలుగు రోజులు బండి ఆ మలుపును నీళ్లలో పడవలా దాటింది. తెర మీద ఆకారం లేదు. నాకు ప్రాణం కుదుటపడింది. యాదగిరికి మాత్రం పడలేదు.

"కనవడకుంట చేసిన్రు, మంచిగనే ఉన్నది. నిజంగ ఎవలన్న వస్తె?"

శుక్రవారం ఉదయం పది గంటలు. అతిథులు ఇద్దరు వచ్చారు. డ్రైవరు సీట్లో ఎవరూ లేకుండా నడపాలని వాళ్లు ముందే అడిగారట, ఇచ్చిన మాట కూడా అదే. యాదగిరిని దిగమన్నారు. అతను దిగి నా కిటికీ దగ్గరకు వచ్చాడు.

"నేను మలుపు కాడ నిలవడ్తనమ్మా. బండికి ఆడ కండ్లు లేవు గద. ఎవల్ని రానియ్య" అని చెప్పి, అడ్డదారిన నడుచుకుంటూ వెళ్లాడు.

వెనక నేను, మాధవి, అతిథులు. ముందు ఎడమ వైపు కిరణ్. డ్రైవరు సీటు ఖాళీ. బండి కదిలిన వెంటనే సీటు బెల్టు పెట్టుకోమని గంట మొదలైంది. మేమంతా బెల్టులు పెట్టుకునే ఉన్నాం. తెర మీద ఎర్రగా వెలుగుతున్నది డ్రైవరు సీటు గుర్తు.

అతిథుల్లో ఒకాయన నవ్వాడు. కిరణ్ కూడా నవ్వి, "సెన్సారండి, కొత్తది కదా" అంటూ చెయ్యి చాపి ఖాళీ సీటుకు అడ్డంగా బెల్టు లాగాడు. అందలేదు. ఇంకాస్త లాగి పెట్టాడు. గంట ఆగింది. ఖాళీ సీటుకు బెల్టు చాలకపోవడం ఏమిటని నాకు అప్పుడు తోచలేదు.

మలుపు దగ్గరవుతోంది. కిరణ్ వెనక్కి తిరిగి, ఈ బండి మనిషి కన్నా ముందే మనిషిని ఎలా చూస్తుందో అతిథులకు చెబుతున్నాడు. ఇంకా ఎవరూ రోడ్డు మీద లేరు. తెర ఖాళీగా ఉంది. అయినా బండి వేగం తగ్గడం మొదలైంది. మామూలుగా ఆగే తీరు కాదు. భయపడిన డ్రైవరు బ్రేకు తొక్కితే ఎలా కుదుపుతుందో అలా మేమంతా ముందుకు తూలాం.

అప్పుడు ప్రహరీ సందులోంచి చెత్తబండి తోసుకుంటూ ఒకావిడ నేరుగా రోడ్డు మీదికి వచ్చింది. ఆమె వెనకే యాదగిరి, "ఓ అక్కా!" అని అరుస్తూ వచ్చి ఆమెను పక్కకు తోశాడు. తను తప్పుకోలేకపోయాడు.

తెర అప్పటికీ ఖాళీగానే ఉంది.

నా పక్కనే ప్రయాణికుల కోసం పెట్టిన ఎర్ర మీట ఉంది. అది నేను నొక్కానని ప్రమాణం చేసి చెప్పేదాన్ని. రికార్డులో నొక్కినట్టు లేదు. నా చెయ్యి అక్కడిదాకా వెళ్లలేదు కాబోలు.

బండి ఆగేసరికి చెత్తబండి తగిలి ముందు దీపం ఒకటి పగిలింది, ముందు చక్రం అతని ఎడమ పాదం మీద ఉంది. అంతకుముందు నుంచే వేగం తగ్గకపోయి ఉంటే అక్కడ ఇద్దరు పోయేవారు.

ఆ సాయంత్రం మాధవి బండి రికార్డు తెరిచి చదివింది. నేను మూడుసార్లు చదివించాను. బండి మనిషిని చూడలేదు. దానికి చెప్పిన మాట అది తప్పలేదు. బ్రేకు వేసింది సాఫ్ట్‌వేరు కాదు. డ్రైవరు కాలి కింద ఉండే పెడలు చివరిదాకా తొక్కి ఉంది. ఆవిడ సందులోంచి రాకముందే తొక్కి ఉంది. డ్రైవరు సీటు మీద బరువు ఉంది. ఎంత బరువో ఆ సెన్సారు చెప్పదు, ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఉందని చెప్పింది. బెల్టు పెట్టి ఉంది.

కిరణ్ కాలు తగిలిందేమో అనుకున్నాను. రెండు సీట్ల మధ్య మోకాలి ఎత్తు పెట్టె ఉంది. కూర్చుని చూశాను, అటు కాలు చేరదు. పెడలు సెన్సారు పాడైందేమో అనుకున్నాను. మాధవి, ఇంకో ఇంజనీరు పరీక్షించారు, బాగానే ఉంది. ఒకవేళ సెన్సారు తప్పు చెప్పినా బండి నిజంగా ఆగింది కదా. బ్రేకు పలకల మీద రాపిడి గుర్తులు నేనే చూశాను.

తొమ్మిది రోజుల తర్వాత కంపెనీ నివేదిక వచ్చింది. ప్రమాద సమయంలో వాహనం మనిషి అధీనంలో ఉంది, డ్రైవరు బ్రేకు ఆలస్యంగా వేశాడు, స్వయంచాలక వ్యవస్థలో లోపం లేదు అని రాశారు. ఆ రోజు డ్యూటీ డ్రైవరు పేరు యాదగిరి. సీట్లో ఎవరూ లేరని నేను రాతపూర్వకంగా ఇచ్చాను. రికార్డు అలా చెప్పడం లేదని జవాబు వచ్చింది. మాధవి నివేదిక మీద సంతకం పెట్టలేదు. అతిథులు మళ్లీ ఫోను ఎత్తలేదు.

దవాఖానలో యాదగిరికి ఆ కాగితం నేనే చదివి వినిపించాను. కాగితం నా చేతిలోంచి తీసుకుని తన పేరు ఎక్కడుందో చూశాడు.

"బండి కింద వడ్డది నేనే, బండి నడిపింది నేనేనా అమ్మా? ఎంతమంది యాదగిరులు ఉన్నరు?"

కారణం రాయకుండా నేను మూసిన మొదటి కేసు ఇది. ఆ పెడలు మీద కాలు ఎవరిదో నాకు తెలియదు. మేము కనబడకుండా చేసినది ఎక్కడికి పోయిందో కూడా తెలియదు.

పోయినవి ఇవి. యాదగిరి ఎడమ పాదంలో రెండు వేళ్లు. అతని నౌకరీ. పదకొండేళ్లలో ఒక్క కేసు లేదన్న పేరు. మాధవి ఉద్యోగం. బండి ముందు దీపం ఒకటి.

దీపం మాత్రం మర్నాడే కొత్తది వేశారు.