తప్పు అక్క గుండెది కాదు

తెల్లారి లేవగానే అక్క మంచం దగ్గరికి వెళ్ళి ఆమె ముక్కు ముందు వేలు పెట్టి చూస్తాను. ఊపిరి తగిలాకే పొయ్యి వెలిగిస్తాను. ఐదేళ్ళుగా ఇదే. చూసినవాళ్ళు ప్రేమ అనుకుంటారు. ప్రేమ లేదని అనను. కానీ అందులో ఎక్కువపాలు భయం. ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎరగని మీకు చెబుతున్నాను.

అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. మహారాష్ట్ర సరిహద్దులోని ధర్మాబాద్‌లో టీచరు. బావ పోయాక, పిల్లలు లేని మనిషి, అక్కడే అద్దె గదిలో ఒంటరిగా ఉండేది. నాకు పెళ్ళి కాలేదు. నాందేడ్‌లో జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతాను. ఒకరోజు బడిలో పాఠం చెబుతుండగానే అక్కకు గుండెనొప్పి వచ్చింది. నాందేడ్ తెచ్చి స్టెంట్ వేయించి, మా ఇంట్లోనే పెట్టుకున్నాను.

కొంత కోలుకున్నాక డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడు. మోకాళ్ళు మంచివి కావు కాబట్టి ఎలిప్టికల్ అనే మిషన్ మేలన్నాడు. మూతపడ్డ జిమ్ నుంచి పాతది ఒకటి తెచ్చాను. నిలబడి పెడల్స్ తొక్కుతూ, రెండు చేతులతో కడ్డీలు ముందుకీ వెనక్కీ ఆడించాలి. దాని మధ్యలో అంకెలున్న గుండ్రటి నాబ్. కుడికి తిప్పేకొద్దీ పెడల్స్ బరువెక్కుతాయి. రెండో అంకె దాటొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆయాసం లేకుండా పావుగంట తొక్కగలిగిన రోజు బడికి వెళ్ళొచ్చు, ఒంటరిగా ఉండొచ్చు అన్నాడు.

అక్క నా పంజాబీ డ్రెస్ వేసుకుని, సిగ్గుపడి నవ్వి, మిషన్ ఎక్కింది. మొదటివారం మూడు నిమిషాలు. తర్వాత ఆరు. మరాఠీలో ఎక్కాలు చదువుతూ తొక్కేది, ‘బే ఏకే బే, బే దుణే చార్’ అంటూ. పదమూడో ఎక్కం దాకా వచ్చిన రోజు, బడికి కట్టుకునే చీరలు ఇస్త్రీ చేసుకుంది.

ఆ చీరలు చూసి నాకు భయం పట్టుకుంది. ఆ గదిలో ఒక్కతే ఉండగా మళ్ళీ నొప్పి వస్తే? అలా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అదేనా? అక్క వచ్చాకే నాకు ఇంట్లో మాట్లాడే మనిషి దొరికింది. ఆమె వెళ్ళిపోతే మళ్ళీ నేనూ, కుట్టుమిషనూ. భయం ఆమె కోసమా, నా కోసమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తొక్కేటప్పుడు అక్క కళ్ళజోడు తీసేసేది, అది లేకుండా ఆమెకు అంకెలు కనిపించవు. నాబ్ పెట్టేది నేనే. ఒక పొద్దున రెండు దగ్గర ఆగాల్సిన నా వేళ్ళు నాలుగు దాకా వెళ్ళాయి.

ఐదు నిమిషాలకే అక్క రొప్పింది.

“ఏందే, గింత బరువైతుంది? నిన్నటంతనే పెట్టినవా?”

“గంతనే పెట్టిన అక్కా. నిద్ర సాలలేదేమో నీకు.”

“నిద్ర గాదు. ఈ గుండె ఇగ బాగు గాదు తియ్యి.”

అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. రోజూ నాలుగే పెట్టాను, తర్వాత ఐదు. అక్క మాత్రం మానలేదు. పళ్ళ బిగువున తొక్కేది. ఎక్కాలు చదవడం ఆగిపోయింది.

పదిరోజులకేమో, వంటింట్లో ఉండగా కడ్డీలు ఠక్కున ఆగిన చప్పుడు. పరిగెత్తాను. అక్క ముఖం బూడిదలా ఉంది. ఒక చెయ్యి ఛాతీ మీద. కాళ్ళు పెడల్స్ మీదే మడతపడుతున్నాయి. ఇది రాయబోయిన ప్రతిసారీ ఇక్కడే ఆగిపోతుంది నా కలం. అక్కను పట్టుకోవాల్సిన నా చెయ్యి ముందు నాబ్ మీదికి పోయింది. దాన్ని వెనక్కి తిప్పి, ఆ తర్వాత అక్కను పట్టుకున్నాను. ఆలోగా ఆమె నుదురు కడ్డీకి తగిలి చిట్లింది.

ఆసుపత్రిలో డాక్టరు, ఎంత మీద తొక్కింది అని అడిగాడు. రెండు అన్నాను. ఆయన కాగితం మీద రాసుకున్నాడు. రెండుకే ఇలా అయితే ఉద్యోగం మానుకోవడమే మంచిదన్నాడు. మందులు పెంచాడు. అక్క రాజీనామా మీద సంతకం పెట్టింది, ధర్మాబాద్ గది ఖాళీ చేసింది. ఎవరైనా ఎక్కి చూస్తారేమోనని ఆ వారమే మిషన్ అమ్మేశాను.

అక్క బతికింది. ఆ మందులకు కళ్ళు తిరుగుతాయని గోడ పట్టుకుని నడుస్తుంది. మెట్లు దిగదు. నేను కోరుకున్నట్టే, నా దగ్గరే ఉంది.

మొన్న కొత్త డాక్టరు పాత కాగితాలు చూసి, రెండు మీద తొక్కితేనే ఇలా అయిందంటే నమ్మలేకపోతున్నాను, మళ్ళీ పరీక్ష చేద్దాం అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. “నా గుండె సంగతి నా చెల్లెకు ఎరుక. దాన్ని అడుగుండ్రి” అంది. ఆయన నా వైపు చూశాడు. తల దించుకుని అక్కను ఇంటికి తెచ్చాను.

నిజం వినగానే అక్క గుండె ఆగుతుందేమోనని భయం. విని బతికి, నా ముఖం చూడనంటుందేమోనని ఇంకా పెద్ద భయం. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. అయినా నేను చేసింది నేను చేశానని ఇవాళ రాయగలిగాను. ఐదేళ్ళలో ఈ ఒక్క పూటే నా మాటలో అబద్ధం లేదు. ఆ మేరకు ఛాతీలో ఏదో వదులైంది.

బాల్కనీలోంచి అక్క పిలుస్తోంది. ఇప్పుడు రాసిన ఈ కాగితాలు తీసుకునే వెళ్తున్నాను.