ఎదురుచూసేవాళ్ళ సీటు

ఎడమ వైపు వెనక చక్రం దగ్గర ఏదో గీసుకుంటోంది. సన్నగా, పళ్ళెం మీద గరిటె కొసతో గీసినట్టు. మనవరాలి అక్షరాభ్యాసానికి బాసర పోతున్నాం. నా కొడుకు స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ పాట వింటున్నాడు. కోడలు పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తోంది, మనవరాలు ఆమె మీద వాలి నిద్రపోతోంది. ఇక మా ఆయన సంగతి చెప్పనక్కర్లేదు, బండి కదిలితే చాలు కళ్ళు మూతలు పడతాయి. ఇంతమందిలో ఆ చప్పుడు నాకొక్కదానికే వినిపిస్తోంది. "పాట జర తక్కువ చెయ్ బిడ్డా" అన్నాను. "మళ్ళ షురూ చేసినవా అవ్వా" అన్నాడు వాడు, మా దిక్కు అవ్వంటే అమ్మే. చెయ్యకేం చేస్తాను? ఈ కుదురులేనితనం నాకు పుట్టుకతోనే వచ్చింది. దాన్ని పనిలో పెట్టినవాడు మాత్రం మెకానిక్ విఠల్ మిస్త్రీ. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. నిర్మల్‌లో కూడా ఇప్పుడు ఆయన్ని ఎరిగినవాళ్ళు తక్కువే.

ఎనభైల నాటి మాట. మా ఆయన మస్కట్‌లో ఎండకు ఎండి, ఇక చాలనుకుని వచ్చేశాడు. తెచ్చుకున్న దాంతో ఒక పాత జీపు కొన్నాడు. పొద్దున్నే నిర్మల్‌లో ప్యాసింజర్లను ఎక్కించుకుని, ఘాట్ రోడ్డు ఎక్కి ఆదిలాబాద్ దిక్కు పోయి, పొద్దుగూకే వేళకు దిగి వచ్చేవాడు. లోపల కూర్చున్నవాళ్ళ కంటే వెనక వేలాడేవాళ్ళే ఎక్కువ. నేను బాల్వాడీలో చిన్న పిల్లలకు ఆటపాటలు చెప్పేదాన్ని. నాలుగు కొట్టేదాకా బాగానే ఉండేది. ఆ తర్వాత నా కాలు ఒకచోట నిలిచేది కాదు. పొయ్యి దగ్గర నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి సందు చివరికి. అన్నం మాడి ఇల్లంతా వాసన కొడితే తప్ప పొయ్యి గుర్తొచ్చేది కాదు. "కాలుగాలిన పిల్లిలెక్క గట్ల తిరుగుతవేందే" అని మా అత్త కసిరేది. ఏం చెయ్యను, ఆ ఘాట్ మలుపులన్నీ నా కడుపులోనే ఉన్నట్టుండేది.

భయపడ్డంత పనీ అయ్యింది ఒకరోజు. అప్పట్లో మా జీపు చూసే మెకానిక్ ఒకడుండేవాడు, పేరెందుకులెండి, పాత సామానుకే రంగు కొట్టి కొత్తదని బిగించాడు. ఘాట్ దిగి చివరి మలుపు తిరుగుతుంటే బ్రేకు పడలేదు. మా ఆయన తెలివిగా రోడ్డు పక్కన పోసిన కంకర కుప్పలోకి బండిని దూర్చాడు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన నుదురు మాత్రం చిట్లింది. నేను నిలదీస్తే ఆ మెకానిక్ బీడీ తీయకుండానే "బండన్నంక గట్లనే ఉంటది అక్కా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక మెకానిక్‌ను నేనే చూస్తానన్నాను. మా ఆయన నవ్వాడు.

"పెండ్లి సంబంధం చూసినట్టు మెకానిక్‌ను చూస్తవా?"

"సంబంధం చెడితే అవ్వగారింటికి పోవచ్చు. బ్రేకు చెడితే యాడికి పోవాలె?" అన్నాను.

నిజంగానే సంబంధాలు చూసినట్టే తిరిగాను. ఏ షెడ్డుకు పోయినా "మనది గ్యారంటీ పని అక్కా" అనే మాటే. చివరికి బస్టాండులో చాయ్ తాగుతున్న ఒక ముసలి లారీ డ్రైవర్ను అడిగాను. "భైంసా రోడ్డు మీద విఠల్ మిస్త్రీ ఉన్నడు. పని ఆలస్యం, నోరు దురుసు. గని ఆయన చేతుల పడ్డ బండి ఘాట్ దిగుతుంటే నేను దేవునికి మొక్కను" అన్నాడాయన. అంతకంటే ఏం కావాలి నాకు?

విఠల్ మిస్త్రీది మహారాష్ట్ర సరిహద్దు ఊరు. బక్కపలుచని మనిషి, నెత్తిన ఒకప్పుడు తెల్లగా ఉండిన టోపీ. తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగించేవాడు. గొంతు మాత్రం, అమ్మో, మామూలు మాట చెప్పినా నాలుగు షెడ్ల అవతలికి వినపడేది. మా జీపు బ్రేకులన్నీ విప్పి, కడిగి, బిగించాడు. కానీ తాళంచెవి కోసం మా ఆయన చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"ఇంట్ల నీకోసం ఎవరు ఎదురు చూస్తరు?" అని అడిగాడు.

"గీమెనే" అని మా ఆయన నన్ను చూపించాడు.

"అయితే ముంగట సీట్ల ఆమె కూసోవాలె. నడిపేది నేను. నువ్వు ఎన్క కూసో."

"ఆమెకేం తెలుస్తది మిస్త్రీ? గాలికి తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడ్తది."

"గందుకే" అన్నాడు విఠల్ మిస్త్రీ.

అది ఆయన పద్ధతట. బ్రేకు పని ఏ బండికి చేసినా, ఆ బండి కోసం ఇంట్లో ఎదురుచూసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ మొదటి మలుపు దాకా పోయి రావాలి. డ్రైవర్‌కు తన బండి ఎట్లా ఉన్నా ముద్దే, వాడి మాట చెల్లదు అనేవాడు. లారీ డ్రైవర్ల ముసలి తల్లులు కూడా ఆ సీట్లో కొంగు బిగించుకుని కూర్చునేవాళ్ళు. నేనూ సిగ్గుపడుతూనే ఎక్కి కూర్చున్నాను. "కండ్లు మూసుకో బాయీ. రాగూడని సప్పుడు వినొస్తే థాంబ్ అను" అన్నాడు. బాయీ అంటే వాళ్ళ భాషలో అమ్మా అని, థాంబ్ అంటే ఆగు అని. ఇంకేం, దొరికింది సందు! పనిముట్ల డబ్బా గలగలకు థాంబ్, అద్దం వణికితే థాంబ్, వెనక మా ఆయన దగ్గినా థాంబ్. అన్నిసార్లూ ఆపాడు. దిగి చూశాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పెళ్ళయినప్పటి నుంచి నా భయాన్ని అందరూ తిట్టారు, వెక్కిరించారు. దిగి చూసిన మనిషి ఆయనొక్కడే. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత తర్వాత ఆయనే నేర్పాడు. "బండి సప్పుడు బండి ఆగితే ఆగుతది బాయీ. భయం సప్పుడు నీ లోపటిది, బండి ఆగినా ఆగది. అందుకే ముందుగాల థాంబ్. ఆగినంక విను." ఆ మాట పట్టుకున్నాక నేను థాంబ్ అనడం తగ్గింది. సాయంత్రాలు సందు చివరికి పోవడం మాత్రం తగ్గలేదు. బజార్లో జనం "పెండ్లాం చెవులతోని బండి నడుపుతుండు" అని మా ఆయన్ని ఆటపట్టించేవాళ్ళు. ఆయన ఇంటికొచ్చి నా మీద ఎగిరిపడేవాడు.

ఒక ఎండాకాలం, పెళ్ళిళ్ళ రోజులు. ఇచ్చోడ దిక్కు పోయే పెళ్ళివారు మా జీపు మాట్లాడుకున్నారు. పెళ్ళికూతురు మా బండిలోనే ఎక్కాలి. ముందురోజే విఠల్ మిస్త్రీ బ్రేకులు చేశాడు. పొద్దున్నే పెళ్ళివారు సామానుతో సహా షెడ్డు దగ్గరికే వచ్చి నిలబడ్డారు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. మొదటి మలుపు దాకా పోయి తిరిగి దిగుతుంటే వెనక నుంచి సన్నగా గీసుకుంటున్న చప్పుడు. "థాంబ్" అన్నాను. ఆపాడు. చప్పుడు ఆగింది. మళ్ళీ కదిలాం, మళ్ళీ గీసుకుంది. "నాకేం వినొస్తలేదు బాయీ" అన్నాడాయన. "నాకు గూడ వినొస్తలేదు. ముహూర్తం దాటుతది, ఇయ్యాలొక్కరోజు నోరు మూసుకో" అన్నాడు మా ఆయన. నాకే అనుమానం వచ్చింది, నా పిచ్చేనేమోనని. కానీ బండి ఆగినప్పుడు నా లోపల చప్పుడు లేదు. చెరువు నీళ్ళంత నిమ్మళంగా ఉంది. "సప్పుడు బండిదే. ఇది ఘాట్ ఎక్కద్దు" అన్నాను.

విఠల్ మిస్త్రీ నా మొహం చూశాడు. బండిని షెడ్డుకు తెచ్చి చక్రం విప్పాడు. లోపల బ్రేకును వెనక్కి లాగి పట్టే స్ప్రింగు ఒక కొస కొక్కెంలో లేదు, ఊడి వేలాడుతోంది. ఘాట్‌లో అది అడ్డం పడితే ఏమయ్యేదో చెప్పాల్సిన పని లేదు. ఆయన ఆ స్ప్రింగును అరచేతిలో పెట్టుకుని, టోపీ తీసి, పెళ్ళివారూ డ్రైవర్లూ అందరూ వింటుండగా అన్నాడు.

"తప్పు నాది. కొక్కెం పడితే టక్కుమంటది. ఆ టక్కు నాకు వినరాక చానా దినాలాయె. నా చెవులు పోయినయి."

నాకు కోపం నెత్తికెక్కింది.

"అంటే మా ఆయన పానం నా చెవుల మీద పెట్టి ఇన్నొద్దులు పంపినవా? మాకు చెప్పద్దా?" అని అరిచాను. అరిస్తేనే ఆయనకు వినపడుతుందని అప్పుడు తెలిసింది.

"ముందుగాల మీ భయం తీరాలని కూసోబెట్టుకునేటోణ్ణి బాయీ. తర్వాత నాకే అవసరం పడ్డది. చెప్తే పని పోతదని భయపడ్డ" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా పలకడం నేనెన్నడూ వినలేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పని చూసి నా కోపం ఎటు పోయిందో! రోడ్డు అవతల ఇంకో మెకానిక్ షెడ్డు ఉండేది. వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. విఠల్ మిస్త్రీ రోడ్డు దాటి పోయి అతన్ని పిలుచుకొచ్చాడు. తను స్ప్రింగు ఎక్కిస్తుంటే అతను పక్కన చెవి పెట్టి కూర్చున్నాడు. "పడ్డదా?" అని ఈయన, "పడ్డది" అని అతను. మళ్ళీ నన్ను కూర్చోబెట్టి మలుపు దాకా తిప్పారు. గీసుకునే చప్పుడు లేదు. పెళ్ళికూతురు ఆలస్యంగానైనా క్షేమంగా చేరింది. "బ్రేకు పనికి ఇగ ఆయన దగ్గరికే పోండ్రి" అని మాకే కాదు, వచ్చిన ప్రతి బండికీ చెప్పాడు విఠల్ మిస్త్రీ. ఊళ్ళో కొందరు చెవిటి మిస్త్రీ అని నవ్వారు. సగం బండ్లు రోడ్డు దాటి పోయాయి. మేము మాత్రం మిగతా పనులన్నీ ఆయన దగ్గరే చేయించుకున్నాం. తన తప్పును తానే బజార్లో చెప్పుకునే మెకానిక్ మళ్ళీ యాడ దొరుకుతాడు?

కొన్నేళ్ళకు జీపు అమ్మేశాం. అమ్మే ముందు ఒకసారి దాంట్లో తిరిగొస్తానని విఠల్ మిస్త్రీ మా ఇంటికొచ్చాడు. అప్పటికి పిడుగు పడ్డా వినపడని స్థితి. ముందు సీట్లో నేను కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నేను కూసుంటా" అన్నాడు. మా ఆయన నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. ఘాట్ మొదటి మలుపు దగ్గర వెనక్కి తిరిగి, "ఏమన్న వినొస్తున్నదా బాయీ?" అని అరిచాడు. లేదని తల ఊపాను. అంతే, సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆ దిగుడు దారంతా హాయిగా నిద్రపోయాడు. ఆ తర్వాతి చలికాలంలో పోయాడని తెలిసింది.

ఇప్పటికీ నా మనసు ఒకచోట నిలవదు. కొడుకు ఫోన్ ఎత్తకపోయినా, మనవరాలి ఒళ్ళు వెచ్చబడినా లోపల ఏదో గీసుకుంటూనే ఉంటుంది. అప్పుడు థాంబ్ అనుకుని ఆగుతాను. ఆగినా చప్పుడు ఆగకపోతే అది నాది, నేనే మోసుకుంటాను. చప్పుడూ ఆగితే మాత్రం అది బయటిదే, ఎవరు వెక్కిరించినా ఊరుకోను.

ఇదిగో, మళ్ళీ గీసుకుంది.

"థాంబ్!" అన్నాను.

నా కొడుకు ఉలిక్కిపడి కారు పక్కకు ఆపాడు. చప్పుడు ఆగింది. నా లోపల నిమ్మళంగా ఉంది. "ఏం లేదవ్వా, నీదంతా ఉత్త భయం" అని వాడు మళ్ళీ గేరు మీద చెయ్యి వేశాడు.

మా ఆయన కళ్ళు తెరవకుండానే అన్నాడు, "దిగి చూడురా. మీ అవ్వ ఊకె అనది."