కొంగు కింద చెయ్యి

నా పని నరాల పరీక్ష. జగిత్యాలలో ఒక ఆస్పత్రి మేడ మీద చిన్న గది, అందులో ఒక మంచం, ఒక మిషను, నేను. నడిమి వేలికి చిన్న కరెంటు పెడితే అది నరం వెంట మణికట్టు దాకా వస్తుంది. అక్కడ అంటించిన బిళ్ల దాన్ని పట్టుకుని తెర మీద గీతగా చూపుతుంది. బాగున్న నరమైతే గీతలో ఒక బొడిపె లేస్తుంది. నరం చెడే కొద్దీ బొడిపె కుంగుతుంది. దాన్ని కరెంటు రొదలో ముంచేయడానికి ట్యూబులైటు చాలు, ఫోను చార్జరు చాలు, పక్క గోడ అవతలి లిఫ్టు మోటారు చాలు.

ఇంతకు ముందు సిరిసిల్లలో చేశాను. గది పక్కనే మరమగ్గాల షెడ్డు. మగ్గాలు నడిచినంత సేపు నా గీత గొంగళిపురుగులా వెంట్రుకలు లేచి ఉండేది. అవి ఆగగానే తింటున్న అన్నం వదిలేసి పరీక్షకు పరుగెత్తేదాన్ని. ఆ రోగం ఇంకా పోలేదు. ఇంట్లో ఫ్రిజ్ గుర్రుమన్నా నాకు చిరాకు, నా చిరాకు చూసి ఇంట్లోవాళ్లకు చిరాకు.

కిందటి చలికాలం కోరుట్ల నుంచి మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, బస్సెక్కి వచ్చింది. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టే మనిషి. కుడిచేతి వేళ్లు మొద్దుబారి, తునికాకు కత్తిరించే కత్తెర జారిపోతోంది. డాక్టరు చూసి నాతో విడిగా చెప్పాడు: నరం ఇంకా పలుకుతుంటే మణికట్టు దగ్గర చిన్న ఆపరేషన్ చేద్దాం, అసలు పలకకపోతే పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

చిన్నమ్మను పడుకోబెట్టి తీగలు తగిలించాను. చలేస్తోందని చేతి మీద కొంగు కప్పుకుంది. మొదటి గీతంతా రొదే. ట్యూబులైటు తీసేశాను, చార్జరు పీకాను, మంచాన్ని గోడకు దూరంగా జరిపాను, గ్రౌండు పట్టీ తడిపి మళ్లీ కట్టాను. తగ్గలేదు. మిషన్లో ఫిల్టరు ఉంది, పెంచితే గీత ఇస్త్రీ చేసినట్టు వస్తుంది. కాని రొదతో పాటు చిన్న బొడిపెనూ చదును చేసేస్తుంది. చిన్నమ్మ చేతికి ఆ ఇస్త్రీ వద్దనుకున్నాను.

మిగిలింది సగటు. కరెంటు మళ్లీ మళ్లీ పెట్టి, వచ్చిన గీతలన్నీ కలిపి సగటు తీయాలి. రొద ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది కాబట్టి కలిపే కొద్దీ చెల్లిపోతుంది. నరం ప్రతిసారీ అదే చోట పలుకుతుంది కాబట్టి నిలబడుతుంది. నిలబడాలి. నిలబడలేదు. 'నో రెస్పాన్స్' అని రాసేయాల్సిన గీత అది. నాకు భయమేసింది.

అప్పుడు గమనించాను, నేను బటన్ మీద చెయ్యి వేసినప్పుడల్లా రొద పెరుగుతోంది. లేచి కొంగు తీశాను. కింద బొటనవేలూ చూపుడువేలూ కలిసి, చేతిలో లేని ఆకును ఆగకుండా చుడుతున్నాయి.

"ఏం చేస్తున్నవ్ చిన్నమ్మా?"

"చెయ్యి నడుస్తున్నదని మిషన్‌కు తెల్వద్దా బిడ్డా? ఊకె పెడితే చచ్చిందని రాస్తది. గప్పుడు కార్ఖానల నాకు ఆకు ఎవలిస్తరు?"

కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ మింగాను.

"నువ్వు కదిలిస్తే మిషన్‌కు కండల లొల్లే ఇనబడుతది, నరం ఇనబడది. చెయ్యి గట్లనే వదిలెయ్. నీది కాదనుకో."

"నాది కాదనుకుంటె ఎట్ల?" అంది. వదలడం చేతకాక ముందు బిగబట్టింది, అదీ రొదే. చేతి కింద దుప్పటి మడత పెట్టాను. కాసేపటికి వేళ్లు ఒక్కొక్కటే సడలాయి.

మళ్లీ సగటు మొదలుపెట్టాను. వెంట్రుకలు రాలుతూ గీత నున్నబడింది. ఉండాల్సిన చోటు కంటే కాస్త ఆలస్యంగా ఒక చిన్న బొడిపె లేచింది. నమ్మబుద్ధి కాక మొత్తం మొదటి నుంచీ చేశాను. మళ్లీ అదే చోట, అదే బొడిపె. నా కళ్లు తడిశాయి.

"నరం పలుకుతున్నది చిన్నమ్మా. అయిపోయింది, ఇగ లెవ్వు."

ఆమె తెర వైపు చూడలేదు. దుప్పటి మీద వెల్లకిలా పడి ఉన్న తన చేతినే చూస్తోంది.

"జరసేపు ఉండనియ్యి బిడ్డా. నాకు తెలివొచ్చినకాడికెల్లి గీ చెయ్యి ఊకె ఉండుడు గిదే మొదలు."

బయట తర్వాతి పేషంటు తలుపు కొడుతున్నాడు. నాకు వినబడనట్టే కూర్చున్నాను.